భుజం ఎత్తు కొమ్మ

మా ఊరి మున్సిపల్ ఆఫీసు పక్కనున్న మట్టిదిబ్బను చూసి నవ్వేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. బస్సు దిగిన ప్రతివాడూ "చుట్టూ వరిచేలు, మధ్యలో ఈ కొండేంటండీ?" అని అడగటం, కిళ్ళీకొట్టువాడు పళ్ళికిలించి "మావోళ్ళు చెట్టుకొమ్మ కొట్టడానికి పోశారండి" అని చెప్పటం, ఇద్దరూ కలిసి పొట్టలు పట్టుకోవటం. కిళ్ళీకొట్టువాడికేం తెలుసు? తెలిసినవాణ్ణి నేను. నా పేరు గవరయ్య. రేలంకోడు పురపాలక సంఘంలో హెడ్ గుమాస్తాని. ఆ దిబ్బ ఒక్క అంగుళం కూడా అనుమతి లేకుండా పెరగలేదు. నవ్వేముందు ఆ సంగతి వినండి. విన్నాక మీ ఇష్టం.

మా ఆఫీసు ఆవరణలో పెద్ద నిద్రగన్నేరు చెట్టుంది. దాని కొమ్మల్లో ఒకటి ఎండిపోయి, ప్రహరీగోడ దాటి, అవతలున్న నూకరత్నం హోటలు మీదికి చాచుకుని ఉండేది. హోటలంటే మరీ హోటలు కాదు. నాలుగు రాటలు, పైన రేకులు, రెండు బల్లలు, ఒక కట్టెల పొయ్యి. కానీ ఆ పొయ్యి మీద పొద్దున్నే ఆవిడ వేసే పెసరట్టు తినకుండా మా ఆఫీసులో ఎవడూ కుర్చీలో కూర్చునేవాడు కాదు. నూకరత్నం మొగుడు లారీ డ్రైవరు. నడుం విరిగి మంచాన పడ్డాడు. ఇల్లు మొత్తం ఆ పొయ్యి మీదే గడవాలి.

ఈదురుగాలుల రోజుల్లో ఒక పొద్దున ఆవిడ నా బల్ల దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యగారూ, గాలికి ఆ కొమ్మ చివర విరిగి మా రేకు మీద పడిందండి. రేకుకి చిల్లు పడిపోయింది. ఆ మొత్తం కొమ్మ పడితే మా గతేటండి? పొయ్యి కాడ నేనుంటాను, బల్ల మీద మీరుంటారు. చెట్టేమో మీది. కాస్త కొట్టించండి బాబూ."

న్యాయమైన మాటే. వెనకటి రోజుల్లో అయితే మా తోటమాలి ఏసుపాదం కత్తి నడుముకి దోపుకుని చెట్టెక్కి, మధ్యాహ్నానికి పని ముగించేవాడు. కానీ అప్పటికే మా కమిషనర్ దండపాణి గారు భద్రత నేర్చుకుని వచ్చారు.

భద్రత ఎక్కడ నేర్పుతారో నాకు తెలియదు. చల్లటి ఊళ్ళో ఏదో పెద్ద హోటల్లో శిక్షణ అన్నారు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషే. వచ్చేటప్పుడు మెరిసే నారింజరంగు కోటు వేసుకుని వచ్చారు. వచ్చిన మర్నాడే స్టాప్లర్లన్నీ బీరువాలోకి వెళ్ళాయి. గుండుసూది గుచ్చాలంటే పక్కన సాక్షి ఉండాలన్నారు. మెట్లెక్కేటప్పుడు, దిగేటప్పుడు రెండు చేతులతో కమ్మీ పట్టుకోవాలని ఉత్తర్వు ఇచ్చారు. మరి ఫైలు ఎలా పట్టుకోవాలో ఉత్తర్వులో లేదు. అందుకని మేడమీది ఫైళ్ళు మేడమీదే ఉండిపోయాయి. పని తగ్గింది, ప్రమాదాలూ తగ్గాయి. కమిషనర్ గారు ఆ రెండో సంగతినే పైకి రాసి పంపారు.

అలాంటి మనిషి దగ్గర నేను కొమ్మ సంగతి ఎత్తాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

"కత్తి పట్టుకుని చెట్టెక్కటమా? గవరయ్యా, మనం ఏ కాలంలో ఉన్నాం? ఈ కొమ్మను శాస్త్రీయంగా, యాంత్రికంగా, సంపూర్ణ భద్రతతో తొలగిద్దాం. జిల్లాకే ఆదర్శం కావాలి."

చైన్‌సా వచ్చింది. పెట్రోలుతో నడిచే రంపం. దాన్ని సమావేశ మందిరంలో తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద పెట్టి, పసుపు కుంకుమ బొట్లు పెట్టి, చామంతి దండ వేశాం. కొబ్బరికాయ కొట్టబోతుంటే చిప్ప ముక్కలు కళ్ళలో పడే ప్రమాదం ఉందని కమిషనర్ గారు ఆపి, అందరికీ కళ్ళజోళ్ళు తెప్పించి, అప్పుడు కొట్టించారు.

దాన్ని అమ్మిన కంపెనీ మనిషి వచ్చి ఎలా వాడాలో చెప్పాడు. మంచి మనిషి. విడమర్చి చెప్పాడు. రెండు చేతులతో పట్టుకోవాలి. కొస గట్టిదానికి తగిలితే రంపం ఎదురుతన్ని మొహం మీదికి వస్తుంది. శిరస్త్రాణం, కళ్ళజోడు, చెవి మూతలు, చేతి తొడుగులు, రంపానికి తెగని లావుపాటి ప్యాంటు వేసుకోవాలి. నిచ్చెన ఎక్కి వాడకూడదు. చెట్టు ఎత్తుకి రెండింతల దూరంలో మనుషులు ఉండకూడదు. ఒక్కటీ తప్పు మాట కాదు. నేను అన్నీ రాసుకున్నాను.

"ఆఖరుది ముఖ్యం సార్" అన్నాడాయన. "భుజం ఎత్తు దాటి ఈ రంపం పైకెత్తకూడదు. అంతకంటే పైనున్న కొమ్మలకైతే…"

అప్పుడే పునుగులు వచ్చాయి. నూకరత్నం వేడివేడిగా పళ్ళెం నిండా పంపింది, వెనకాలే టీ. మా ఆఫీసులో పునుగులు వచ్చాక మాట్లాడిన మాట మాట కాదు. తినటం పూర్తయ్యేసరికి కంపెనీ మనిషి బస్సు టైమైంది. ఆయన సంచీ సర్దుకుని పరిగెత్తాడు.

నేను విన్నది విన్నట్టు రాస్తాను. విననిది రాయను. అందుకని నివేదికలో "భుజం ఎత్తు దాటి రంపం ఎత్తరాదు. అంతకంటే పైనున్న కొమ్మలకైతే" అని రాసి, అక్కడ చుక్క పెట్టాను.

"సార్, ఇక్కడ వాక్యం పూర్తి కాలేదు. ఆయనకి ఫోన్ చేసి అడుగుదామా?" అన్నాను కమిషనర్ గారితో.

ఆయన తల అడ్డంగా ఊపారు. "శిక్షణ ముగిసింది గవరయ్యా. ముగిసిన శిక్షణను మళ్ళీ తెరిస్తే అది రెండో శిక్షణ అవుతుంది. దానికి వేరే అనుమతి కావాలి. ఉన్న వాక్యంతో ముందుకు పోదాం."

ఉన్న వాక్యంతో ముందుకు పోయాం.

మర్నాడు చెట్టు కింద కొలతలు తీశారు. రంపం పట్టబోయేవాడు ఏసుపాదం కాబట్టి భుజం అంటే ఏసుపాదం భుజమే అని తీర్మానించారు. వాణ్ణి గోడకు ఆనించి నిలబెట్టి, భుజం దగ్గర సుద్దముక్కతో గీత గీశారు. ఏసుపాదం పొట్టివాడు. కొమ్మ వాడి భుజానికి చాలా పైన ఉంది.

"ఎంత పైన?" అని అడిగారు కమిషనర్ గారు.

మా ఇంజినీరు భాస్కరాచార్యులు గారు మెడ వెనక్కి వంచి చూశారు. "ఏసుపాదం మీద ఏసుపాదాన్ని నిలబెట్టుకుంటూ పోతే, ఇంకా ముగ్గురు కావాలి సార్."

"నిచ్చెన?"

"నియమం ఒప్పుకోదు."

"వీధిదీపాలు బాగుచేసే తొట్టి బండి?"

"అదీ ఒక రకం నిచ్చెనే కదండి. మనిషిని నేల నుంచి వేరుచేస్తుంది."

"మనిషిని నేల నుంచి వేరుచేయటం భద్రతకు మూలంలోనే విరుద్ధం" అన్నారు కమిషనర్ గారు, ఆ మాట ఎక్కడో చదివినట్టుగా.

ఏసుపాదం మధ్యలో గొంతు సవరించుకున్నాడు. "నన్ను ఎక్కనిస్తే, చేతిరంపంతో అరపూటలో…"

"నువ్వు భద్రతా సామగ్రివి. మాట్లాడకు" అన్నారు ఆచార్యులు గారు. ఆ తర్వాత ఆయన చాలాసేపు కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారేమో అనుకున్నాను. ఆయన సర్వీసులో అంతసేపు ఆలోచించటం నేనెప్పుడూ చూడలేదు.

"సార్" అన్నారు కళ్ళు తెరిచి. "మనిషి నేల మీదే ఉండాలి. కొమ్మ భుజం ఎత్తులోనే ఉండాలి. కొమ్మను కిందికి దించలేం. మనిషిని పైకి ఎత్తలేం. ఇంక కదలాల్సింది ఒక్కటే మిగిలింది. నేల."

కమిషనర్ గారు ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకుని ఊపారు. ఇదీ దిబ్బ పుట్టిన వైనం. ఇందులో తప్పెక్కడుందో కిళ్ళీకొట్టువాణ్ణి చెప్పమనండి.

ఇక చెట్టు ఎత్తుకి రెండింతల దూరం సంగతి. ఆచార్యులు గారు పటం మీద వలయం గీస్తే, అందులో నూకరత్నం హోటలు పడింది, కిళ్ళీకొట్టు పడింది, మా ఆఫీసు మొత్తం పడింది. ప్రమాద వలయంలో ఉన్నవన్నీ ఖాళీ చేయించాలి. ఆఫీసును ఖాళీ చేయిస్తే ఆ ఖాళీ చేయించే ఉత్తర్వు ఎక్కడినుంచి ఇవ్వాలన్న చిక్కు వచ్చింది. వలయం గుండ్రంగానే ఉండాలని నియమాల్లో ఎక్కడా లేదు కాబట్టి, ఆచార్యులు గారు ఆఫీసు దగ్గర గీతను కాస్త లోపలికి వంచారు. కిళ్ళీకొట్టు మావాళ్ళందరికీ అవసరం గనుక అక్కడా వంచారు. అంతా వంచేసరికి లోపల మిగిలింది నూకరత్నం హోటలు ఒక్కటే.

ఆవిణ్ణి కమిషనర్ గారి గదికి పిలిపించాం. ఆ గదిలోకి ఎవరొచ్చినా హెల్మెట్ పెట్టుకోవాలి. ఆవిడ కొప్పు మీద అది కూర్చోక పక్కకి జారుతుంటే, ఒక చేత్తో పట్టుకుని నిలబడింది.

"చూడమ్మా" అన్నారు కమిషనర్ గారు ఎంతో దయగా. "కొమ్మ మీ హోటలు మీద ఉంది. కొమ్మ తొలగించాలంటే నేల పైకి రావాలి. నేల పైకి రావాలంటే మట్టి పొయ్యాలి. మట్టి పొయ్యాల్సిన చోట మీ హోటలు ఉంది."

"హోటలు తీసేస్తారాండి?"

"తీసెయ్యటం అనకూడదు. కొమ్మ వల్ల మీ హోటలుకి కలగబోయే నష్టాన్ని ముందస్తుగా నివారిస్తున్నాం."

"కొమ్మ పడితే రెండు రేకులు పోతాయండి. మీరొస్తే హోటలే పోతంది కదండీ."

"కొమ్మ పడటం ప్రమాదం. మేం తీయటం ప్రణాళిక. రెండూ ఒకటెలా అవుతాయమ్మా?"

నూకరత్నం నావైపు చూసింది. నేను సీలింగు ఫ్యానువైపు చూశాను. "పోనీ, కొమ్మ కొట్టేశాక నా హోటలు నన్ను పెట్టుకోనిస్తారాండి?" అని అడిగింది.

"తప్పకుండా పరిశీలించబడుతుంది."

వరండాలోకి వచ్చాక హెల్మెట్ నా చేతికిచ్చి మెల్లగా అడిగింది. "అన్నయ్యగారూ, పరిశీలించబడుతుంది అంటే ఏటండి?"

"అంటే చూస్తారన్నమాట."

"చూసి?"

"చూస్తారు చెల్లెమ్మా."

హోటలు రాటలు పీకిన రోజు ఆవిడ ఏడవలేదు. పొయ్యి ఇటుకలు తీసి ఒక్కొక్కటే దులిపి గోతాంలో వేసుకుంది. నేను ఆ గోతాం మూతి తెరిచి పట్టుకున్నాను. పెసరట్టు పోతోందని అనుకుంటే అనుకోండి. మంచాన ఉన్న ఆ మనిషికి మాత్ర ఎలా వస్తుందా అని కూడా అనిపించింది.

టిప్పర్లు వచ్చాయి. గ్రావెలు, మట్టి, మళ్ళీ గ్రావెలు. వర్షానికి సగం జారి రోడ్డు మీదికి వచ్చింది. జారకుండా చుట్టూ రాళ్ళు పేర్చారు. ఎక్కటానికి మెట్లు, మెట్లకి కమ్మీ, కమ్మీకి రంగు. "భద్రతా వేదిక" అని బోర్డు. వేసవిలో మొదలైన పని వానలు వెళ్ళేదాకా నడిచింది. ఆ ఎండిన కొమ్మ మాత్రం అన్ని గాలులకీ అలాగే ఉంది, తన కోసం ఇంత చేస్తుంటే పడటం మర్యాద కాదనుకున్నట్టు.

ఇంతలో ఇంకో సంగతి జరిగింది. మట్టిపనివాళ్ళకి టీ కావాలి. నూకరత్నం మొదట ఫ్లాస్కుతో వచ్చింది. తర్వాత టిఫిను అడిగారు. దిబ్బ పక్కన చిన్న పొయ్యి పెట్టింది. టిప్పరు వచ్చినప్పుడల్లా పక్కకి జరగమనేవారు. ఎటు జరిగినా మట్టే కదా, ఆవిడ మట్టి మీదికి జరిగేది. దిబ్బతో పాటు పొయ్యి కూడా పెరుగుతూ పోయింది. పని పూర్తయిన రోజున చూస్తే దిబ్బ నెత్తిన రేకుల పాక, రెండు బల్లలు, పొయ్యి, దాని మీద పెనం. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. చెప్పవలసిన ఆచార్యులు గారు అక్కడే మూడో అట్టు తింటున్నారు.

పైకెక్కేసరికి నాకు ఆయాసం వచ్చేది. కానీ ఆ పైన గాలి, ఆ పెసరట్టు, కనుచూపు మేర పచ్చటి చేలు. మా ఊళ్ళో పుట్టి పెరిగిన నేను మా ఊరిని పైనుంచి చూడటం అదే మొదటిసారి. ఇంజినీరు గారి లెక్క గొప్పది. కొమ్మ సరిగ్గా ఏసుపాదం భుజానికి వచ్చింది. నూకరత్నం దానిమీద చేతిగుడ్డ ఆరేసుకునేది.

ఒక ఆదివారం ఏసుపాదం లుంగీతో వచ్చాడు. "వదినా, కట్టెలున్నాయా?" అని అడిగాడు. లేవంది. ఇంటినుంచి తెచ్చుకున్న చేతిరంపంతో ఆ ఎండుకొమ్మ మొదట్లో కోసి, మెల్లగా కిందికి దించి, ముక్కలు చేసి పొయ్యి పక్కన పేర్చిపెట్టి, రెండు ఇడ్లీలు తిని వెళ్ళిపోయాడు. సెలవురోజు కాబట్టి అది ఏసుపాదం చేసిన పని కాదు, ఎవరో మనిషి చేసిన పని.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. కొమ్మ తొలగింపు మహోత్సవానికి పైనుంచి పెద్దాఫీసరు గారు వస్తారని కబురొచ్చింది. కమిషనర్ గారు ఏర్పాట్లు చూడటానికి రెండు చేతులతో కమ్మీ పట్టుకుని దిబ్బ ఎక్కారు. నేను అప్పుడు అక్కడే తింటున్నాను.

"గవరయ్యా, కొమ్మ ఏది?"

ఏం చెప్పను? ఒక రకంగా అది నా ప్లేటులోనే ఉంది.

నూకరత్నమే చెప్పింది. "ఎండు కట్టె కదండి, మంట బాగా వచ్చింది."

ఆయన బల్ల మీద కూలబడ్డారు. పాపం, ఆయన బాధ మీకు అర్థం కాదు. సమస్య తీరిపోవటం కంటే పెద్ద సమస్య ఆఫీసుకి ఇంకోటి ఉండదు. దిబ్బ ఉంది. రంపం ఉంది. శిరస్త్రాణం, చెవి మూతలు ఉన్నాయి. పెద్దాఫీసరు గారు బయల్దేరబోతున్నారు. లేనిది కొమ్మ ఒక్కటే.

"భద్రతా నియమాలు పాటించకుండా పోయిన కొమ్మ, పోయిన కొమ్మ కింద లెక్కకు రాదు" అన్నారు చివరికి. "ఆచార్యులు గారూ, కొమ్మను పునరుద్ధరించండి."

కలప అడితి నుంచి మామిడి కొమ్మ వచ్చింది. చిన్నది తెస్తే పెద్దాఫీసరు గారి హోదాకి తక్కువని పెద్దది తెచ్చారు. పచ్చిది, ఆకులతో సహా. మొదలు తెచ్చి నిద్రగన్నేరు మానుకి ఏసుపాదం భుజం ఎత్తులో ఇనుప తీగలతో బిగించి కట్టారు. దాని కొన పైకి పోయి నూకరత్నం రేకుల మీద గొడుగు పట్టినట్టు నిలబడింది. నిద్రగన్నేరుకి మామిడాకులేంటని ఎవరైనా అడిగితే అంటు కట్టామని చెప్పమన్నారు.

నూకరత్నం తల పైకెత్తి చూసింది. "అయ్యా, ముందున్నది ఎండు కొమ్మండి. తేలిక. ఇది పచ్చి మాను. కోస్తే తిన్నగా నా పాక మీదికే వస్తంది."

"ఇది కొమ్మ కాదమ్మా, ప్రదర్శన వస్తువు" అన్నారు ఆచార్యులు గారు. "కంగారు పడకండి. నియమం ప్రకారం మిమ్మల్ని దూరంగా పంపించేస్తాం."

"నన్ను పంపిస్తారు సరే. పాకని ఎక్కడికి పంపనండి?"

ఆ ప్రశ్న నియమాల్లో లేదు.

మహోత్సవం రోజున ఊరంతా వచ్చింది. సన్నాయి మేళం, షామియానా, చల్లటి మజ్జిగ. అందరూ దిబ్బకి దూరంగా తాడు వెనకాల నిలబడ్డారు. నూకరత్నం నా పక్కనే ఉంది. దిబ్బ మీద ఏసుపాదం ఒక్కడే. శిరస్త్రాణం, కళ్ళజోడు, చెవి మూతలు, తొడుగులు, లావుపాటి ప్యాంటు, బూట్లు. వాళ్ళావిడే గుర్తుపట్టలేదు. భద్రత మీద పెద్దాఫీసరు గారు మాట్లాడారు, కమిషనర్ గారు మాట్లాడారు, ఆచార్యులు గారు నేల గురించి మాట్లాడారు. తర్వాత కమిషనర్ గారు పచ్చజెండా ఊపారు.

రంపం మోగింది. దగ్గరికి వెళ్ళిన ఏసుపాదం మధ్యలో ఆగి, పాకవైపు చూసి, మావైపు చూసి, చెయ్యి అడ్డంగా ఊపాడు. వద్దంటున్నాడని నాకర్థమైంది. కమిషనర్ గారు కానిమ్మని కేకేశారు. వాడి చెవులు మూసి ఉన్నాయి. ఆయన మళ్ళీ జెండా ఊపారు. జెండా ఊపితే కొయ్యాలని వాడికి నేర్పాం. కోశాడు.

మాను ఒక్కసారి ఒరిగి పాక మీదికి దిగింది. రేకులు, బల్లలు, రాటలు, పిండి గిన్నె, పెనం, అన్నీ దాని కింద. మామిడాకుల మధ్యనుంచి పొయ్యి పొగ కాసేపు వచ్చి ఆగిపోయింది.

పెద్దాఫీసరు గారు అడిగారు. "ఎవరికైనా గాయాలా?"

"ఒక్కరికి కూడా లేదు సార్" అన్నారు కమిషనర్ గారు.

"అద్భుతం. ఇంత పెద్ద కొమ్మ ఇంత భద్రంగా కూలటం నా సర్వీసులో చూడలేదు." చప్పట్లు మారుమోగాయి. కమిషనర్ గారికి శాలువా కప్పారు. నూకరత్నం నా పక్కన కదలకుండా నిలబడి ఉంది. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పమంటే ఆ రోజు చెప్పలేకపోయేవాణ్ణి.

సాయంత్రం ఆవిడ ఆఫీసుకి వచ్చింది. మేమందరం మిఠాయి తింటున్నాం.

"అయ్యా, మీ కొమ్మ పడి నా హోటలు పోయిందండి. పెనం కూడా వంకరపోయింది. ఏదో ఒకటి చూడండి."

"ఏ హోటలు?" అన్నారు కమిషనర్ గారు.

"దిబ్బ మీద నా హోటలండి."

ఆయన శాలువా సర్దుకున్నారు. "అమ్మా, మీ హోటలును భద్రతా చర్యల్లో భాగంగా ఎప్పుడో తొలగించాం. తొలగించిన హోటలు మళ్ళీ కూలటం ఎలా సాధ్యం? కూలిందని ఒప్పుకుంటే ప్రమాదం జరిగినట్టు అవుతుంది. ఈ రోజు ప్రమాదం జరగలేదని పెద్దాఫీసరు గారే అన్నారు. గవరయ్యా, రికార్డు ప్రకారం నూకరత్నం హోటలు ఉందా?"

"రికార్డు ప్రకారం లేదు సార్" అన్నాను. లేనిది లేదనటం నా ఉద్యోగం.

ఆవిడ కమిషనర్ గారివైపు తిరిగింది. "అయితే నాకు హోటలు లేదంటారు."

"లేదు."

"ఈ ఊళ్ళో ఎక్కడా లేదండి?"

"ఈ పురపాలక సంఘ పరిధిలో ఎక్కడా నూకరత్నం హోటలు అనేది లేదు" అన్నారు కమిషనర్ గారు, అందరికీ వినపడేలా.

"అందరూ విన్నారు కదండీ" అని మావైపు ఒకసారి చూసి ఆవిడ వెళ్ళిపోయింది.

మర్నాడు నేను ఆఫీసుకి వచ్చేసరికి వాకిట్లో, సరిగ్గా పోర్టికో నీడలో, కమిషనర్ గారి కారు ఆగే చోట కొత్త పొయ్యి వెలుగుతోంది. పక్కన రెండు బల్లలు. నూకరత్నం అల్లం తరుగుతోంది. సిబ్బంది అందరూ వరసలో ఉన్నారు. ఆచార్యులు గారు అప్పటికే తింటున్నారు, నేనూ బల్ల మీద కూర్చున్నాను. కొండెక్కకుండా పెసరట్టు దొరికితే ఎవరు వద్దంటారు?

కమిషనర్ గారి కారు వచ్చింది. ఆగటానికి చోటు లేక రోడ్డు మీదే ఆగింది. ఆయన దిగి వచ్చారు.

"ఏంటమ్మా ఇది?"

"ఏదండి?" అంది నూకరత్నం.

"ఇదే, ఈ హోటలు."

"హోటలేటండి బాబూ? లేదని నిన్న మీరే అన్నారు కదండీ. వీళ్ళంతా విన్నారు."

ఆయన నావైపు తిరిగారు. "గవరయ్యా, వెంటనే తొలగింపు నోటీసు రాయి."

"చిత్తం సార్. దేన్ని తొలగించమని రాయమంటారు?" అన్నాను. "నూకరత్నం హోటలు అని రాస్తే, అది ఉన్నట్టు మనమే ఒప్పుకున్నట్టు. ఇవాళ ఉన్నదైతే నిన్నా ఉన్నట్టే. నిన్న ఉన్నదైతే మన కొమ్మ కిందే కూలినట్టు. అప్పుడు ప్రమాదం జరిగినట్టు పైకి రాయాలి. శాలువా కప్పిన పెద్దాఫీసరు గారికే రాయాలి."

"పేరు రాయకు. ఆక్రమణ అని రాయి."

"ఏది ఆక్రమించిందో రాయాలి సార్. ఏదీ లేదు కదా."

మీరు ఏమైనా అనుకోండి, నేను నియమం చెప్పాను. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడలేదు. కమిషనర్ గారు పొయ్యివైపు చూశారు, ఆచార్యులు గారివైపు చూశారు. ఆచార్యులు గారు ప్లేటు మీదికి వంగిపోయారు. వరసలో ఉన్నవాళ్ళెవరూ కదల్లేదు.

నూకరత్నం గరిటెతో పిండి తీసి పెనం మీద గుండ్రంగా తిప్పింది. అది చుర్రుమంది. ఆవిడ తల ఎత్తకుండానే అడిగింది.

"తమరికి ఉల్లిపాయ వెయ్యమంటారాండి, వద్దంటారా?"

కమిషనర్ గారు బల్ల చివర నా పక్కన చోటు చూసుకుని కూర్చున్నారు.

"వెయ్యమ్మా" అన్నారు. "అల్లం కూడా."